చేతిలో ఖాళీ సంచి

ఏలూరు,
డిసెంబరు 2007.

రూబీ నాన్నగారికి,

మీ దేవకుమారి వందనాలు. దేవుని దయవల్ల నేనూ పాపా కులాసా. బాలాసోర్‌లో మీరూ, మీ చెరువులో చేపపిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అత్తయ్యగారు తాడేపల్లిగూడెంలో మీ చెల్లెలింట్లోనే ఉన్నారు. కంటి ఆపరేషను బాగా జరిగింది. ఇప్పుడు బియ్యంలో రాళ్ళు తనే ఏరుతున్నారట, ఇంకెవరినీ చాట ముట్టుకోనివ్వడం లేదట.

నా షుగరు సంగతి అడిగారు. డాక్టరుగారు రోజూ నడవమన్నారని రాశాను కదా. మొదటి రోజు చేతులూపుకుంటూ కాలువ గట్టు మీద బయల్దేరాను. కిరాణా కొట్టు తాతారావుగారు కంగారుగా బయటికొచ్చారు. "ఏమ్మా, వట్టి చేతులతో ఎక్కడికి? మీ ఆయన దగ్గర్నుంచి ఏమైనా కబురొచ్చిందా?" అన్నారు. "ఏం లేదండీ, ఊరికే నడుస్తున్నాను" అంటే నమ్మితేనా! ఇంటిదాకా వచ్చి దిగబెట్టి వెళ్ళారు. మన ఊళ్ళో ఆడమనిషి పనిలేకుండా నడిచిందంటే ఇంట్లో ఏదో అయిందనే లెక్క.

మర్నాటి నుంచి చేతిలో ఖాళీ సంచి పట్టుకున్నాను. అందరూ "బజారుకా అండీ?" అనడం, నేను "ఆఁ" అనడం. అబద్ధం ఎందుకులే అని పనులు కల్పించుకున్నాను. ఉప్పుకొకసారి, చింతపండుకొకసారి వెళ్తున్నాను. నాకు మతిమరుపు వచ్చిందనుకుని తాతారావుగారు బాదంపప్పు నానబెట్టుకు తినమన్నారు. రూబీకి రిక్షా మాన్పించి బడికి నేనే నడిపిస్తున్నాను. అలిసిపోతే చంకెక్కుతుంది. దాని బరువు ఇప్పుడు మీకు తెలియదు.

మంచు కాలం కదా, పొద్దున్నే గట్టేదో కాలువేదో తెలియదు. పైన గూడకొంగలు కొల్లేటివైపు పోతుంటే రెక్కల చప్పుడే తప్ప పిట్ట కనపడదు. ఆ తెల్లదనంలో రూబీ అరచెయ్యి ఒక్కటే వెచ్చగా ఉంటుంది. కాళ్ళు వాటి మానాన అవి నడుస్తుంటాయి, నాకేమో కల కంటున్నట్టే ఉంటుంది. మంచులోంచి ఎవరైనా ఎదురొచ్చి "ఎక్కడికి పాపా?" అంటే, రూబీ ఠక్కున "నాన్న దగ్గరికి" అంటుంది. మొదట్లో దిద్దేదాన్ని. తర్వాత మానేశాను.

మీ దగ్గర ఒక మాట దాచానండీ. మమ్మల్ని తీసుకెళ్ళమంటే పోయిన క్రిస్మస్‌కు మీరేం రాశారో గుర్తుందా? "ఇక్కడ ఆటోలు రావు. బస్సు దిగి చెరువు గట్ల మీద చాలా దూరం నడవాలి. మంచినీళ్ళు మోసుకోవాలి. నీ ఒంటికి కుదరదు, ఆగు" అన్నారు. గవర్నమెంటు వాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశాక, పని లేక మీరు రైలెక్కిన రోజున కూడా నేను ఆ ఉత్తరం చదివి ఏడ్చినంతగా ఏడవలేదు. డాక్టరుగారు షుగరు కోసం నడవమన్నారు. నేను మీ చెరువు గట్ల కోసం నడిచాను. ఇంటి ముందు కుళాయి ఉండగా చర్చి వెనక బోరింగు నుంచి బిందె మోసుకొచ్చిందీ అందుకే.

మొన్న బడి వదిలాక, ధ్యాస ఎక్కడుందో, ఇంటి మలుపు దాటి స్టేషనుదాకా వెళ్ళిపోయాం. హౌరా బండికి కైకలూరు చేపల పెట్టెలు ఎక్కిస్తున్నారు. ఐసు నీళ్ళు కారి ప్లాట్‌ఫారమంతా తడి.

"ఇవి ఎక్కడికెళ్తాయమ్మా?" అంది రూబీ.

"మీ నాన్న ఉన్న ఊరు మీదుగా."

"చేపలు వెళ్తుంటే మనం వెళ్ళమా?"

అక్కడే పెట్టెల పక్కన నిలబడి ఏడ్చేశాను.

నిన్న రక్తపరీక్ష చేయించాను. షుగరు అదుపులోకి వచ్చింది. "ఏం ఎక్సర్‌సైజు చేశారమ్మా?" అన్నారు డాక్టరుగారు. "అబ్బే, ఎక్సర్‌సైజేం లేదండీ, పిల్లతల్లిని కదా" అన్నాను. అట్నుంచి అటే స్టేషనుకెళ్ళి నాకొక టిక్కెట్టూ, పాపకి అర టిక్కెట్టూ తీసేసుకున్నాను.

ఫోనులో చెబితే వద్దంటారని ఉత్తరం రాస్తున్నాను. దీనికి జవాబు రాయకండి, అది వచ్చేసరికి ఇంటికి తాళం ఉంటుంది. బస్సు దిగేచోటికి మీరు రానక్కర్లేదు, గట్టు ఎటువైపో ఎవరినైనా అడిగి నడిచి వస్తాం.

సంచిలో బట్టలు సర్దేశాను. బయల్దేరేటప్పుడు తాతారావుగారు ఎలాగూ అడుగుతారు, ఎక్కడికని. రూబీ రోజూ చెప్పే జవాబే చెబుతుంది. ఆ రోజు దాన్ని ఎవరూ దిద్దక్కర్లేదు.

ఇట్లు,
దారిలో ఉన్న
మీ రూబీ అమ్మ,
దేవకుమారి