రొద తగ్గించిన ఏసీ

అక్కా,

ఇక్కడ నా ముక్కు తప్ప అంతా క్షేమం. నాన్నలాంటి వాళ్ల చెవి మిషన్ల కోసం మేము చేస్తున్న చిప్‌లో, ట్రాన్సిస్టర్ స్విచ్ ఆఫ్ అయినప్పుడల్లా వేడివల్ల పుట్టే సన్నని రొద, కరెంటు దాచుకునే కెపాసిటర్‌లో చిక్కుకుపోతోంది. కంప్యూటర్‌లో సిమ్యులేషన్ చేసి మా మేనేజరుకు చూపించాను.

“ఆఫీసులో ఎవరూ మాట్లాడకండి!” అని ఆయన అరిచారు.

“చప్పుడు కాదు సార్, వేడి!” అన్నాను.

వెంటనే ఏసీ పదహారుకు దించేశారు. కంప్యూటర్‌లోని లెక్కకు గది చలితో పనిలేదని ఎంత మొత్తుకున్నా వినలేదు. చివరికి నేనే కెపాసిటర్‌ను నాలుగింతలు పెంచి ఆ లెక్క మళ్లీ నడిపితే రొద సగమైంది. నాన్నకు మన మాటలు తేటగా వినబడతాయని పొంగిపోయాను.

మేనేజరూ పొంగిపోయారు. “చూశావా ఏసీ మహిమ!” అంటూ ఇంకా దించారు.

నా ఉన్ని కోటు వెంటనే పంపించు.

నీ చెల్లి