పేరు కొట్టించిన గ్లాసు

చల్లపల్లి,
డిసెంబరు 3.

ప్రియమైన అమ్మకు శాలిని వందనాలు.

దేవుని దయవల్ల ఇక్కడ నేను క్షేమం. జలుబొక్కటే నన్ను వదిలి వెళ్లనంటోంది. మంగళగిరిలో నువ్వూ తమ్ముడు ఫిలిప్పూ బాగున్నారని తలుస్తాను. ఫోన్లో నీకు సరిగా వినపడదు, నాకేమో అరిచే ఓపిక లేదు. మనిద్దరికీ ఈ ఉత్తరాలే నయం.

నువ్వడిగినవాటికి జవాబులు. అన్నం వేళకే తింటున్నాను. బడి దూరమే, బస్సు దిగాక సముద్రం వైపు ఆటోలో వెళ్లాలి. సాయంత్రం ఆటోలో నా పక్కన ఎండుచేపల గంపలు ఎక్కుతాయి, అందుకే నా చీరలకు ఆ వాసన. పోయినసారి నువ్వు మూడుసార్లు ఉతికింది అందుకే. ఇక షోకేసులో నా బహుమతి గ్లాసు కనపడటం లేదు, ఎదురింటి పిల్లల్ని అడగాలా అని రాశావు. ఎవర్నీ అడగొద్దు. దసరా సెలవులకు వచ్చినప్పుడు నేనే తెచ్చేసుకున్నాను. ఎందుకో చివర్లో చెప్తాను, ముందు బడి సంగతి విను.

ఒకటీ రెండూ తరగతులు కలిపి నావే అని నీకు తెలుసు కదా. జూన్ నుంచి నీ సండే స్కూలు పద్ధతిలోనే పాఠాలు చెప్పాను. నేనొక లైను, వాళ్లొక లైను, పది రోజులకు అందరికీ కంఠతా. సెప్టెంబరుకల్లా ఇరవై రెండు మందీ పుస్తకం పట్టుకుని గడగడా చదివేస్తున్నారు. నేను పొంగిపోయి హెడ్మాస్టరు రామకోటేశ్వరరావు గారికి చెప్పాను. ఆయన ఇంకా పొంగిపోయి, నవంబరు ఆఖరున తల్లిదండ్రుల మీటింగు పెట్టి పిల్లలచేత చదివిద్దామన్నారు.

అందరిలోకీ బాగా చదివేది నాగమల్లేశ్వరి. రెండో తరగతి, చేపలమ్మే గంగారత్నం కూతురు. ఒకరోజు నిలబడి పాఠం చదువుతుంటే కిటికీలోంచి గాలి కొట్టి రెండు పేజీలు తిరిగిపోయాయి. అది ఆగలేదు. పాత పేజీలోదే వేలు పెట్టి మరీ చదువుకుంటూ పోయింది. మిగతావాళ్లకు కూడా వేరే పేజీలు తీసిచ్చి చూశాను. అమ్మా, నలుగురికి తప్ప ఎవరికీ అక్షరాలు రావు.

దాచిపెట్టడం నా వల్ల కాలేదు. గంగారత్నానికి ఉన్నమాట చెప్పాను. ఆవిడ గంప దించి నా వంక చూసింది.

"మొన్నటిదాకా బాగా చదూతందన్నారు. ఇప్పుడు రాదంటారేంటండీ? ఏది నమ్మాలండీ నేను?"

తప్పు నాదేనన్నాను.

"మీటింగుదాకా చూస్తానండీ. అప్పటికీ రాకపోతే బందరులో మా అక్కకాడ పెట్టేస్తాను. అక్కడైనా చదువు వచ్చుద్దేమో."

పిల్ల తల్లి కొంగు పట్టుకుని నేల చూస్తోంది. అది నా బడి వదిలి వెళ్లిపోతే కారణం నేనే కదా అని ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఇందాక వేళకే తింటున్నానని రాసింది ఇప్పటి మాట.

దసరా తర్వాత పాఠ్యపుస్తకం బీరువాలో పెట్టాను. మధ్యాహ్న భోజనానికి పిల్లలు ఇంటినుంచి స్టీలు కంచాలు తెచ్చుకుంటారు. మనవాళ్లలో పేరు కొట్టించకుండా స్టీలు సామాను వాడేదెవరు? ప్రతి కంచం మీదా చుక్కచుక్కలుగా ఒక పేరు. అవే మా వాచకాలు. ఎవరి కంచం వాళ్లకే వేరు కాబట్టి కలిసి పాడటానికి వీల్లేదు. "ఈ 'రా' నాది" అంటే "మా తాత కంచంలోనూ ఉంది" అని కొట్లాట. రోజూ కంచాలు మార్చుకోవడం, వేలుతో చుక్కలు తడుముకుంటూ కూడబలుక్కోవడం. గోల భరించలేక పక్క క్లాసు టీచరు తలుపు వేసుకుంది.

పోయిన శనివారం మీటింగు. వచ్చే తల్లుల్ని ఇంట్లో పేరు కొట్టించిన గిన్నెలు తలా ఒకటి తెమ్మన్నాను, పిల్లలచేత అవే చదివిద్దామని. హెడ్మాస్టరు గారు నన్ను పక్కకు పిలిచారు.

"ఎందుకమ్మా ఈ తలనొప్పి? పుస్తకాలిచ్చేయండి, అప్పజెప్పేస్తారు. గొడవ వదిలిపోద్ది."

"వద్దండీ. ఏం వస్తే అదే చూస్తారు" అన్నాను.

గంగారత్నం చేతికందిన గిన్నె తెచ్చింది. ఆవిడకు చదువు రాదు, దాని మీద ఏముందో చూసుకోలేదు. నాగమల్లేశ్వరి గిన్నె పట్టుకుని అలవాటుగా నా నోటివంక చూసింది, మొదటి ముక్క అందిస్తానేమోనని. నేను పెదవులు బిగించి కిటికీవైపు తిరిగాను. ఎంతసేపటికో "కా" అంది. వేలు పక్క చుక్కల మీదికి జరిగింది. "శీ..." అంది. "రా... వు."

వెనక బల్ల మీద కునుకు తీస్తున్న పడవ యజమాని కాశీరావు గారు ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు.

"ఏమ్మా, పిలిచావా?"

అందరూ ఒకటే నవ్వు. నాగమల్లేశ్వరి మాత్రం నవ్వలేదు. గిన్నె వంకా ఆయన వంకా చూసి "కాశీరావు" అని ఈసారి ఒక్క ఊపున చదివింది. ఆయన ముందుకొచ్చి గిన్నె తిప్పి చూశారు.

"ఇది మాదే. గృహప్రవేశానికి మా బామ్మర్ది పెట్టాడు."

గంగారత్నం తల దించుకుంది.

"ఎప్పుడో రొయ్యల కూర పంపారు కదన్నా. ఇచ్చేద్దామనుకుంటానే ఉన్నా."

మీటింగయ్యాక ఆవిడ నా దగ్గరకొచ్చింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. "గిన్నె పోయిందండీ, చదువొచ్చిందండీ" అంది. బందరు సంగతేంటని అడిగాను. "అక్కకి ఫోన్ చేసి పిల్ల రాదని చెప్పేస్తానండీ. ఇంట్లో ఇంకా బోలెడు సామానుంది. ముందు అవన్నీ ఎవరెవరివో చదవనివ్వండి" అంది.

ఇక గ్లాసు. అమ్మా, నాకు ఏడేళ్లప్పుడు కోతపండుగ రోజున చర్చిలో పుస్తకం పట్టుకుని కీర్తన చదివాను కదా. నువ్వు ఏడ్చావు, ఊరంతా చెప్పుకున్నావు, స్టీలు కొట్టుకు తీసుకెళ్లి నా పేరు కొట్టించి ఈ గ్లాసు ఇచ్చావు. ఆ రోజు నేను చదవలేదు. తెల్లారగట్ల నువ్వు మగ్గం మీద పడుగు నూలు సరిచేసుకుంటూ ఆ కీర్తన చెప్పుకుంటుంటే విని నేర్చుకున్నదే అప్పజెప్పాను. చేతిలో ఏ పేజీ తెరిచుందో కూడా నాకు తెలియదు. ఆ తర్వాత చాలా రోజులకు, ఆ గ్లాసులో మంచినీళ్లు తాగుతూ చుక్కల మీద వేలు పెట్టి "శా... లి... ని" అని కూడబలుక్కున్నాను. నా బతుకులో నేను నిజంగా చదివిన మొదటి మాట అదే. సంతోషపడాల్సింది పోయి భయమేసింది. నీకు చెప్పలేకపోయాను. నాగమల్లేశ్వరి వేలు తప్పుడు పేజీ మీద కదులుతుంటే నాకు కనిపించింది నేనే. కంచాల ఆలోచన వచ్చింది కూడా ఈ గ్లాసు వల్లే.

ఇప్పుడది నా బల్ల మీద ఉంది, అందులో సుద్దముక్కలు వేస్తున్నాను. కోపమొస్తే తిట్టు, పడతాను. కానీ ముందు నాకొక పని చేసిపెట్టు. అదే కొట్టులో అలాంటిదే ఇంకో గ్లాసు తీసుకుని నాగమల్లేశ్వరి అని పేరు కొట్టించి ఫిలిప్‌తో పంపు. ఈసారి బహుమతి చదివిన పిల్లకే వెళ్తుంది. పేరు పెద్దది, ఒత్తులు కూడా ఉన్నాయి, చదవడానికి దానికి చాలాసేపు పడుతుంది. నేను నోరు విప్పను.

ఇట్లు,
ఇరవై మూడేళ్లు ఆలస్యంగా నిజం చెప్పిన
నీ పెద్దమ్మాయి
శాలిని