జానెడు దించాలి

అన్నయ్యా, నేను కులాసా. మేం ఓడిపోయామని తెలిసే ఉంటుంది, అమ్మను బెంగపడొద్దను.

నాకు మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు. మూడు నెలలూ మగపిల్లల నెట్టు మీదే వాలీబాల్ ఆడాం. ఆడవాళ్ల నెట్టు దానికంటే జానెడు కిందికుండాలి. "మీ గంట ఆట కోసం దించి, మళ్లీ వాళ్లకి ఎక్కించడం ఎవరివల్ల అవుతుంది?" అన్నాడు గ్రౌండు చూసుకునే ఆయన. సరే పోనీలే అని ఎగిరెగిరి దానికే అలవాటుపడ్డాం. తీరా పోటీలో నెట్టు సరైన ఎత్తులో కట్టారు. మా చేతులకు పాత ఎత్తే గుర్తు, కొట్టిన ప్రతి బంతీ గీత దాటి పడింది. "ఆడపిల్లలకి ఆట ఒంటబట్టదు" అని తేల్చేశారు మా ఆటల మాస్టారు.

నెట్టు స్తంభాల బోల్టులు విప్పడానికి నీ సైకిల్ షాపులో పాత స్పానరుంటే వెంటనే పంపు. ఇకనుంచి నేనే దించుతాను, ఆట అయ్యాక నేనే ఎక్కిస్తాను.

బామ్మ దగ్గు తగ్గిందా? అమ్మ ఇంకా స్టూలెక్కే బట్టలు ఆరేస్తోందా? నాన్న తన ఎత్తుకు కట్టిన దండెం అది. ఆయన దానిమీద ఒక్క తువ్వాలైనా ఆరేయగా నేను చూడలేదు. ఆయనకు నా నమస్కారాలు చెప్పు. చెప్పి, స్పానరు పోస్టు చేసేలోగా ఆ దండెం దించు.

నీ చెల్లెలు