మంద వెనక చప్పుడు లేని కారు

ఆదివారం రాత్రి, పెనుకొండ.

సాయంత్రం బావ కొత్త ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారులో ఇద్దరం హిందూపురం నుంచి వస్తుంటే, సోమందేపల్లి దాటాక రోడ్డు నిండా గొర్రెలు. మంద వెనక ఎవరూ హారన్ కొట్టరు, చెదిరిపోతాయని. ఇంజన్ చప్పుడుకే అవి దారి ఇస్తాయి. బావ ఆ అలవాటుతోనే నెమ్మదిగా ముందుకు పోనిచ్చాడు. ఒక చూలి గొర్రె చక్రం కిందకు వచ్చింది. వెనక కాలు విరిగింది.

"సద్దే లేకుంటే అవి యాడికి జరుగుతాయబ్బా?" అన్నాడు కాపరి ఓబులప్ప, దాని తలను ఒళ్లో పెట్టుకుని.

"నిదానంగా పోతే బ్యాటరీతో పోతాదన్నా. స్పీడెత్తితేనో, చార్జింగ్ తగ్గితేనో ఇంజన్ దానంతటదే ఆన్ అయితాది," అన్నాడు బావ.

"ఎప్పుడు ఆన్ కావల్లో దానికి ఎవురు చెప్తారు?"

"ఎవురూ చెప్పరు. కారే చేసుకుంటాది."

"అయితే నేనెవుర్ని తిట్టుకోవల్ల?"

ఇన్నేళ్లుగా ప్రమాదాల వార్తలు రాస్తున్నాను. తాగాడనో, కునుకు పట్టిందనో, రోడ్డు మీద గుంత అనో ఏదో ఒక కారణం దొరికేది. ఇవాళ్టి దానికి వాటిలో ఏదీ సరిపోదు. ఆ గొర్రె ఈనేదాకా బతుకుతుందో లేదో.

ఓబులప్ప దాని తలను నేల మీద ఆనించి లేచాడు. "హేయ్, హేయ్" అంటూ మాకు తానే దారి చేశాడు. కొంచెం దూరం పోయి వేగం పెరగగానే ఇంజన్ మోగింది. అద్దంలో చూశాను. మళ్లీ రోడ్డెక్కిన మందంతా ఆ చప్పుడుకు రోడ్డు పక్కకు జరుగుతోంది.