ఆఖరి మగ తీగ

సావిన్యా లోయ,
ఏప్రిల్ 9

పూజ్యురాలైన నేజా పిన్నికి,

తిలెన్ సవినయంగా విన్నవించునది. మా పరిశోధన తోటకు ఎండుతెగులు పట్టింది. ముప్పై ఏళ్లుగా కాపాడుతున్న మగ హాప్ తీగల్లో ఒక్కటే మిగిలింది. తెగులును తట్టుకునే కొత్త రకానికి కాబోయే తండ్రి అదే. తోటలోనైతే పూలకు సంచులు కట్టి కాపాడేవాళ్లం; ఇక్కడ బయట నాటితే దాని పుప్పొడికి లోయలోని ఆడ తీగల పంటంతా గింజ కడుతుంది. గింజ కట్టిన హాప్ పూలు బీరులో వేయడానికి పనికిరావని బీరు కంపెనీలు కొనవు. రైతులు దాన్నీ నన్నూ కలిపి పీకేస్తారు. మీ కొండమీద హాప్ తోటలు లేవు గనుక బస్సు డ్రైవరు చేత వేరు పంపుతున్నాను. అది పోతే నా ఉద్యోగమూ పోయినట్టే.

వంశోద్ధారకుడి కాపలాదారు,
తిలెన్

తా.క. అది మగదని ఎవరికీ చెప్పకు.

కొండమీద నుంచి,
ఏప్రిల్ 13

చిరంజీవి తిలెన్‌కి,

పెట్టె అందింది. లేత మొలకలు ఎంత బాగున్నాయిరా! కోసి, గుడ్లు కొట్టి అట్టు వేశాను. మీ గాష్పర్ బాబాయ్ పళ్లెం నాకేశాడు. చేతులు కడుక్కుని నీ ఉత్తరం చదివాను. వేరు మేకలకొట్టం వెనక పాతాంలే.

ఆశీస్సులతో,
పిన్ని

తా.క. మగదైనా రుచిలో తేడా లేదు.

లోయ,
ఏప్రిల్ 16

పిన్నీ,

తినగా మిగిలిన మహానుభావుడు బతికే ఉన్నాడా? "మనవాడెలా ఉన్నాడోయ్?" అని డైరెక్టరుగారు రోజూ అడుగుతున్నారు. "కొండగాలి పడింది సార్" అంటున్నాను. జూలైలో పూలు విచ్చకముందే కాగితం సంచులు కట్టు. సంచుల్లో రాలిన పుప్పొడిని గడ్డకట్టే చలిలో దాచుకుంటే ఏళ్ల తరబడి నిలుస్తుంది.

గుండె దడతో,
తిలెన్

తా.క. అందాకా ఇంట్లో గుడ్లు ఉంచకు.

కొండ,
జూలై 6

ఒరేయ్ తిలెన్,

తీగ కొట్టం కప్పు దాటింది. నేను వంటింట్లో కూర్చుని సంచులు అంటిస్తున్నాను. ఇంతలో బాబాయ్ పూలు చూశాడు. లోయలో పెరిగిన చెయ్యి, మగ తీగ కనబడితే ఆగుతుందా! వేరుతో సహా పెకలించి పొయ్యిలో పెట్టి, తోడేలును చంపినవాడిలా వచ్చి "నేజా, పరువు కాపాడానే!" అన్నాడు. నువ్వు ఎవరికీ చెప్పొద్దన్నావని ఆయనకీ చెప్పలేదురా.

తల పట్టుకుని,
పిన్ని

తా.క. సంచులు మాత్రం చక్కగా కుదిరాయి.

లోయ,
జూలై 9

పిన్నీ,

రాజీనామా రాశాను. సోమవారం ఇస్తాను. కారణం అన్నచోట "బాబాయ్" అని రాయనా, "అట్టు" అని రాయనా తేలక మూడు కాగితాలు చింపాను. నా సంగతి సరే, ఆ తీగను కుర్రతనంలో నాటింది డైరెక్టరుగారే. ఆయన మొహం ఎలా చూడను?

మాజీ కాపలాదారు,
తిలెన్

కొండ,
జూలై 11

నాయనా,

ఇవ్వకు! నీకు చెప్పడం మరిచాను. అట్టు రుచి చూసి పక్కింటివాళ్లంతా అడిగితే, ఏప్రిల్‌లోనే వేరు కోసి ఏడిళ్లకు పంచాను. ఇవాళ సంచులు పట్టుకుని తిరిగాను. ఏడు తీగలూ పూత మీదున్నాయి! నాలుగిళ్లలో సంచులు కట్టేశాను. మూడిళ్లలో అప్పటికే విచ్చుకున్నాయి. నీ వంశోద్ధారకుడికి ఢోకా లేదు, వచ్చి తీసుకెళ్లు.

గర్వంతో,
పిన్ని

తా.క. మూడు రోజులుగా గాలి ఆ పుప్పొడిని లోయవైపే కొడుతోంది. కింది రైతులు పదిమంది ట్రాక్టరెక్కి వచ్చి, "ఎవడు పంపాడమ్మా ఇవి?" అని అరిచారు. అంతమందికి విడివిడిగా ఏం చెబుతానని నీ ఉత్తరాల కట్ట చేతికిచ్చాను. సోమవారం మీ ఆఫీసుకే వస్తారట. బాబాయ్ దారి చూపించడానికి ముందు కూర్చుంటున్నాడు.