పేరు తెలియని వేషం

మాస్టారికి,

ప్రియమైన అని రాయబోయి ఆగాను, కోపమింకా తగ్గలేదు. ఫోనులో అయితే మధ్యలో అరుస్తారు. కాగితం మీద అరవలేరు కదా, చివరిదాకా చదవండి. మన ఊరి బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను.

అమ్మాయి కనిపించలేదు. బొమ్మల కథల అభిమానులంతా వేషాలు వేసుకొచ్చే ఈ మూడురోజుల సంబరం కోసమే అది ఏడాదంతా ఆ వేషం కుట్టుకుంది. మీరు కత్తెరతో ముక్కలు చేశారు, అది ఇల్లు విడిచిపోయింది. ఎక్కడున్నా, అరువు తెచ్చుకునైనా అదే వేషంలో ఇక్కడికి వచ్చి తీరుతుందని నేనూ వచ్చాను. టికెట్లు ఎప్పుడో అయిపోయాయట. గేటు కాపలా అతని కాళ్ళావేళ్ళా పడ్డాను. "మిమ్మల్ని వదిలితే రేపట్నుంచి నేనూ బయటేనమ్మా" అన్నాడు పాపం.

కానీ బయట రోడ్డు మీదే ఎంత సందడండీ! టికెట్టు దొరకనివాళ్ళంతా ఇక్కడే. కొమ్ములు, తోకలు, స్పాంజి కత్తులు, ముఖాలకు రంగులు, ముసుగులు. ఆడపిల్ల కనబడితే చాలు, ముసుగు కిందికి తొంగి చూస్తున్నాను. ఒకమ్మాయి జడుసుకుంది. ఇంకొక పిల్ల రెక్క ఊడిపోయి ఏడుస్తుంటే నా సంచిలోంచి సూదీదారం తీసి కుట్టాను. అంతే, నా ముందు వరస కట్టారు. ఒక రాక్షసుడికి తోక కుడుతూ, "మా అమ్మాయిని చూశావా నాయనా?" అని ఫోటో చూపించాను.

"ఇక్కడ ముఖాలు ఎవరికీ తెలీవు ఆంటీ. ఏ వేషమో పేరు చెప్పండి, ఇట్టే పట్టుకొస్తాం" అన్నాడు.

ఆ పేరే నాకు తెలీదు. నా కుట్టుమిషను మీదే, నా కళ్ళముందే కుట్టింది. అదెవరి వేషమే అని ఒక్కసారి అడిగితే నా సొమ్మేం పోయేది? తెల్లరెక్కలని మాత్రం తెలుసు. ఇక్కడ సగంమందికి తెల్లరెక్కలే.

గొడవరోజు అది మీతో ఆ పేరు చెప్పింది. గుర్తు తెచ్చుకోండి, మీకు దండం పెడతాను. ఎల్లుండితో ఇదంతా అయిపోతుంది. ఆ తర్వాత దాన్ని ఎక్కడని వెతకను? అది లేకుండా నేను ఇంటికి రాను.

మీ ఇల్లాలు

* * *

ఇల్లాలికి,

పేరు నాకూ గుర్తులేదు. అరుస్తున్నప్పుడు మన అరుపే తప్ప ఇంకేం వినపడుతుంది? ఉదయం డ్రిల్లు పీరియడ్లో ఆరో తరగతిని వరసగా నిలబెట్టి, "బొమ్మల కథల్లో తెల్లరెక్కల పిల్ల ఎవర్రా?" అన్నాను. వణుకుతూనే అందరూ ఒక్కసారిగా చెప్పారు, మంచుగద్ద అని. బడంతటికీ తెలుసు, నాకే తెలియదు.

నువ్వు అప్పుడే సంబరపడకు. "మంచుగద్దలు వందమంది ఉంటారు సార్, అందరూ అదే వేస్తారు" అని కూడా వాళ్ళే అన్నారు. ఉత్త పేరు పట్టుకుని వెతికితే లాభం లేదు.

అందుకని నువ్వు అటకమీద దాచిన ముక్కలు దించాను. నీ మిషను మీద కుట్టాను. వంకరటింకరగా వచ్చింది. నడుము చాలకపోతే నా పాత యూనిఫాం గుడ్డ అతికాను. రేపు తెల్లవారుజాము బస్సుకి వస్తున్నాను. అక్కడ ఎంతమంది మంచుగద్దలున్నా, ఇంత పొట్టా ఇంత మీసమూ ఉన్న మంచుగద్దను నేనొక్కణ్ణే.

అది వేసుకుని గేటు ముందు నిలబడతాను. జనం ఫోటోలు తీసుకోనీ, పడీపడీ నవ్వనీ. ఆ నవ్వేవాళ్ళలో అది ఉంటే నాకు చాలు.

నీ మాస్టారు