జీరంగుల హారం

మట్టెవాడ, వరంగల్
9 ఆగస్టు 1964

డోర్నకల్ దవాఖానాలో మనుషులకు సూదులు పొడిచే మా రూతక్కకు, ఇక్కడ పురుగులకు సూదులు గుచ్చే తమ్ముడు వందనాలు చేసి రాయునది ఏమనగా,

నా ఉద్యోగం కొన ఊపిరితో ఉంది. నవ్వకు. మా కాలేజీ తరఫున జర్మనీలోని ఒక మ్యూజియానికి పచ్చగా మెరిసే జీరంగి పురుగుల్ని పంపుతున్నానని రాశాను కదా. అవి క్షేమంగా చేరితే వాళ్ళు మనకు సముద్రపు జీవుల్ని పంపుతారు, ప్రిన్సిపాల్‌గారు నా టెంపరరీ కొలువును పర్మనెంటు చేస్తారు. చేరకపోతే నేను కిషన్ రావు రైస్ మిల్లులో గుమస్తాను. ఈ రెండో ఏర్పాటు బాపు ముందే చేసి పెట్టాడు. దూరదృష్టి గల కాంపౌండరు!

పెట్టె మద్రాసు రేవులో ఆగిపోయింది. తప్పు సర్కారుది కాదు, మన అమ్మది. నేను పురుగుల్ని బడిపిల్లల్లా వరుసగా గుచ్చి కాలేజీకి పోయి వచ్చేసరికి, అమ్మ వాటన్నిటినీ పీకి, గాజుల దుకాణం కట్టమ్మ ఇచ్చిన ఎర్ర మఖ్మల్ పెట్టెలో హారంలా గుచ్చింది. నడుమ పెద్ద జీరంగిని పతకంలా నిలబెట్టింది.

"దొరలకు పంపేటిది జర సక్కగుండొద్దారా? నీ వరుసలు జూస్తె వడ్లు ఎండబోసినట్టున్నయ్" అంది.

నిజం చెప్పొద్దూ, నాకూ ముద్దొచ్చింది. అలాగే పంపేశాను.

కస్టమ్స్ వాళ్ళు మూత తీస్తే పచ్చగా, బంగారు మెరుపుతో హారం! నేను "ప్రకృతి శాస్త్ర నమూనాలు" అని రాస్తే దాన్ని కొట్టేసి "మీనాకారీ నగ" అని రాశారు, అంటే రంగుపూత పూసిన బంగారమట. నమూనాలైతే అడ్డు లేకుండా ఓడ ఎక్కుతాయి. నగకు పర్మిట్ కావాలి. స్వయంగా వచ్చి రుజువు చేసుకో, లేదంటే జప్తు అన్నారు.

నేను పోను అక్కా. ఎందుకో నీకొక్కదానికే చెబుతున్నాను. ఇవాళ ఆరాధన అయ్యాక చర్చి ముంగిట పాస్టరుగారు "మీ సుందర్ ఏం జేస్తున్నడు?" అని అడిగితే బాపు "ఖాళీగనే ఉన్నడయ్యగారు" అన్నాడు. నేను ఆయన వెనకే ఉన్నాను, ఆయన పాటల పుస్తకం పట్టుకుని. మెడికల్ సీటు రాని రోజున కూడా నాకంత నొప్పి కలగలేదు. కన్న తండ్రికే నా పని పనిలా కనిపించనప్పుడు, ముక్కూ మొహం తెలియని ఆఫీసరుకు నా పురుగును పురుగని ఎలా నమ్మించను? రేపు మిల్లుకు పోతానని అమ్మతో చెప్పేశాను.

బియ్యంలో పురుగులు ఏరబోతున్న
నీ సుందర్


మట్టెవాడ
16 ఆగస్టు 1964

అక్కా! చేతిలో సూది ఉంటే పక్కన పెట్టి చదువు. గెలిచాం!

రాత్రి అమ్మ ఏం చెప్పిందో గానీ, సోమవారం నేను మిల్లుకు బయల్దేరితే గడపకు అడ్డంగా బాపు. చెప్పులకు బురద, ధోతికి తుమ్మముళ్ళు. ఒక అగ్గిపెట్టె నా చెవి దగ్గర పెట్టాడు. లోపల గరగర!

"మడికొండ తుమ్మలల్ల దొరికింది. పానంతోనున్నది. నగలు నడుస్తయారా? తీస్కపోయి ఆళ్ళకు జూపియ్."

"బాపూ, నీకు జీరంగిని పట్టుడొస్తదా?"

"బడికి పోయేటప్పుడు నా జేబునిండ అగ్గిపెట్టెలే ఉండె. మా అయ్య బెత్తం ఇరిగేదాంక కొట్టి ఇడిపిచ్చిండు." చెప్పుల బురద గడపకు రాసి, "నడువు. కాజీపేటల రైలు నీకోసం ఆగదు" అన్నాడు.

మద్రాసులో ఆఫీసరుగారు నెల్లూరు మనిషి. కళ్ళద్దాల మీదుగా చూసి, "ఏమయ్యా, పురుగులకింత సోకెక్కడిదయ్యా?" అన్నారు. నేను పరమ గంభీరంగా అగ్గిపెట్టె తెరిచాను. జీరంగి తుమ్మాకు దిగి, ఆయన ఫైలు మీద నడిచి, సరిగ్గా "మీనాకారీ నగ" అన్న అక్షరాల మీద ఆగింది. గుమస్తాలంతా మూగారు. ఆయన భూతద్దం తీసి, హారంలోని పతకాన్ని దీని పక్కన పెట్టి కాళ్ళూ మీసాలూ పోల్చారు. అన్నీ కలిశాయి. అయినా చేతిలో కలం కదలదు.

అప్పుడక్కా, ఆ మహాతల్లి ఫైలు మీదే గుడ్డు పెట్టింది.

"సార్, గుడ్డు పెట్టే నగకు పర్మిట్ ఎవరిస్తారో సెలవివ్వండి" అన్నాను.

ఆఫీసంతా గొల్లుమంది. ఆయన కళ్ళు తుడుచుకుని "నగ" కొట్టేసి "నమూనాలు" అని రాశారు. గుడ్డుకు తగలకుండా ముద్ర వేశారు. నేను వచ్చేస్తుంటే మెల్లగా, "ఆ జీరంగిని ఇచ్చిపోరాదూ, మా పాపకు చూపిస్తా" అన్నారు.

"లంచమవుతుంది సార్" అని అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాను, అది బాపుది కదా.

పెట్టె ఓడ ఎక్కింది. అది చేరేదాకా కూడా ఆగకుండా ప్రిన్సిపాల్‌గారు నన్ను పర్మనెంటు చేశారు. ఇవాళ చర్చి ముంగిట పాస్టరుగారు అడగకముందే బాపు అందుకున్నాడు: "మావోడు సైంటిస్టయ్యగారు! పురుగును పురుగే అని సర్కారుతోని రాపిచ్చిండు!"

అంతకుముందు, ప్రార్థన మధ్యలో బాపు చొక్కా జేబులోంచి గరగరమని చప్పుడు. అందరూ ఒక కన్ను తెరిచారు. అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది బాపే.

నీ తమ్ముడు, సర్కారువారు ధ్రువీకరించిన పురుగుల డాక్టరు,
సుందర్ రావు